పుంగనూరు మిద్దెమీది మిరపచెట్టు

నా తోడల్లుడి మిరపచెట్టు నాకంటే ఎత్తు పెరిగిందని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. బకెట్టు ఎత్తు కలిపి కొలిచారని మొదట అన్నాను. ఫోటో కింది నుంచి తీశారని తర్వాత అన్నాను. చివరికి ఒక సాయంత్రం వాళ్ళ మిద్దెమీద ఎవరూ లేనప్పుడు దాని పక్కన నిటారుగా నిలబడి చూసుకున్నాను. కొన చిగురు నా నెత్తికి జానెడు పైన ఉంది. బకెట్టు ఎత్తు తీసేసినా నా చెవుల దాకా వస్తుంది. ఆ రోజు పుంగనూరు నుంచి మదనపల్లె దాకా బస్సులో ఎవరు పలకరించినా సరిగా బదులు చెప్పలేదు.

తోడల్లుడంటే నా భార్య చెల్లెలి భర్త. పాల వ్యాను నడుపుతాడు. తెల్లారేలోపే పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పాలు ఎత్తుకుని, కేంద్రంలో దించి, తొమ్మిదింటికల్లా ఇంటికి వచ్చేస్తాడు. ఆపైన అతని కాపురమంతా మిద్దెమీదే. పదో తరగతి రెండుసార్లు రాసి వదిలేసినవాడు. నేనేమో మదనపల్లెలో కాపురముండి పుంగనూరు దగ్గరి ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. వేరు నీళ్ళను ఎట్లా పీల్చుకుంటుందో, ఆకు ఎండను తిండిగా ఎట్లా మారుస్తుందో ఏళ్ళ తరబడి బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పినవాణ్ణి. మా ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే చెట్టు ఎవరింట్లో ఎత్తుగా పెరగాలో ఎవరికైనా తెలుస్తుంది. చెట్టుకు మాత్రం తెలియలేదు.

ఈ పోటీ పెట్టింది మా మామ. ఆయన కుప్పంలో ఉంటాడు. పోయిన ఏడాది వానలకు ముందు మేమందరం అక్కడికి వెళ్ళినప్పుడు, భోజనాలయ్యాక, దూలానికి కట్టిన గుడ్డమూటలో నుంచి ఎండిన మిరపకాయలు రెండు తీశాడు. బొటనవేలంత లావుగా, మొద్దు మొనతో ఉన్నాయి. అరవదేశం వైపు నుంచి సంతకు వచ్చిన ఒకామె దగ్గర కొన్నాడట. పచ్చిగా ఉన్నప్పుడు నిలువునా చీల్చి, చెనిక్కాయల పొడి కూరి వేయిస్తే సంగటిలోకి ఇంకేమీ అక్కర్లేదని ఆయన నమ్మకం. గింజలు దులిపి, రెండు కాగితం ముక్కల మీద పోసి, మా ఇద్దరి ముందూ చెరొకటి తోశాడు.

"మీకు సేను ల్యాదు, సెలక ల్యాదు. బకెట్లోనో కుండలోనో పెట్టుకోండి. ఎవురు బాగా పెంచుతారో సూస్తాను" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నప్పుడే గెలవాలని గట్టిగా అనుకున్నాను. మామ మెప్పు కోసం కాదు. మా ఇంట్లో మిక్సీ చెడిపోతే, కుళాయి కారితే, చివరికి పొయ్యి మీద పాలు పొంగినా, నా భార్య నోట వచ్చే మాట ఒకటే. "మా మరిది చెయ్యి పెడితే ఎట్లాంటిదైనా దారికొస్తాది." ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు మెత్తబడుతుంది. నా గురించి ఆ గొంతుతో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మాట్లాడితే చాలనిపించేది. ఇంత వయసు వచ్చి ఇదేం కోరికని నాకే సిగ్గేసేది.

మదనపల్లెలో మంచి నర్సరీకి వెళ్ళి రంగులు వేసిన కుండీలు నాలుగు తెచ్చాను. కొబ్బరిపొట్టు తెచ్చాను. మొక్కలు మొలిచాయి. ఒక్కోదాన్ని ఒక్కో కుండీలో నాటి, పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పోశాను. నా మొక్కలు జానెడు ఎదగగానే పూతకు వచ్చాయి. మొదటి కాయ నా చిటికెనవేలంత అయినప్పుడు ఫోటో తీసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మామ బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపాడు. ఆ రోజంతా ఇంట్లో ఈల వేసుకుంటూ తిరిగాను.

తోడల్లుడు అప్పటికి ఒక్క కాయ కూడా చూపించలేదు. గింజలను టీ కప్పుల్లో మొలిపించి, మంచివి మాత్రం ఉంచుకుని, వేర్లు కప్పు అంచుకు తగిలాక అడుగున చిల్లులు పెట్టిన నెయ్యి డబ్బాల్లోకి మార్చాడు. డబ్బా నిండాక, వాటిలో బలమైన ఒక్కదాన్ని పెద్ద పెయింటు బకెట్టులోకి మార్చాడు. బకెట్టు అడుగున కాల్చిన ఇనుపచువ్వతో చిల్లులు, దానిమీద పెంకులు, ఆపైన జల్లెడ పట్టిన ఎర్రమన్నూ మేకల ఎరువూ. ఇవన్నీ పాలు పోసే రైతులు చెప్పిన సంగతులట. ఇంతా చేసి, పూత వచ్చినప్పుడల్లా గిల్లి పారేసేవాడు. మరదలు గ్రూపులో మొర పెట్టుకుంది. "ఉన్న పూతంతా గిల్లేస్తాండాడు బావా, నువ్వన్నా సెప్పు." నేను పెద్ద సందేశం రాశాను, పువ్వు మొక్కకు ఎంత ముఖ్యమైన భాగమో వివరిస్తూ. చివర నవ్వు ముఖం ఒకటి తగిలించాను. దానికి అతను ఫోను చేశాడు.

"కాపుకు తొందరేముండాదన్నా. ముందు ఒళ్ళు సెయ్యనీ" అన్నాడు.

అది ఒళ్ళు చేసింది. నావి ఆరేసి కాయలు కాసి, ఇక మా వల్ల కాదన్నట్టు ఆగిపోయాయి. కుండీ తిరగేసి చూస్తే వేర్లు చుట్టలు చుట్టుకుని మట్టే కనపడలేదు. అతని చెట్టు మాత్రం కొమ్మకు రెండు కొమ్మలు వేస్తూ, కట్టెలు పాతి పాతచీర పేలికలతో కడితే తప్ప నిలబడలేనంత పెరిగింది. తర్వాత పూత వదిలేశాడు. చూస్తుండగానే చెట్టంతా పిందెలు. మామ ఆ ఫోటో చూసి బొటనవేలుతో సరిపెట్టలేదు, వీడియో కాల్ చేశాడు. నా భార్య ఆ ఫోన్‌లోకి తొంగి చూస్తూ, "మా మరిది చెయ్యి..." అని మొదలుపెట్టింది. నేను లేచి వెళ్ళి అవసరం లేకపోయినా మోటారు వేశాను.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆ చెట్టు బతకడంలో పక్కింటి అవ్వ చెయ్యి కూడా ఉంది. వాళ్ళ మిద్దెకూ ఆమె మిద్దెకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటే. ఒంటరి మనిషి. వడియాలు ఆరబెట్టుకోవడానికి పైకి వచ్చేది. ఆకులకు ముడత వచ్చినప్పుడు పుల్లటి మజ్జిగ నీళ్ళలో కలిపి చల్లమన్నది ఆమే, ఆ మజ్జిగ రోజూ చెంబుతో గోడమీద పెట్టిందీ ఆమే. ఒక సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. అవ్వ గోడకు ఆనుకుని చెట్టును చాలాసేపు చూసింది.

"నా వయసుకు ఇంత మిరపసెట్టును సూడలేదమ్మా. అదో, ఆ కొమ్మకు సూడు, ఎన్ని పిందెలుండాయో" అని వేలు చాచి చూపించింది.

మరదలి ముఖం మారిపోయింది. పిందెకు వేలు చూపిస్తే రాలిపోతుందని మా వైపు అందరికీ భయం. పొరపాటున చూపిస్తే ఆ వేలిని వెంటనే కొరుక్కోవాలి. అవ్వకు అది గుర్తొచ్చి గబుక్కున వేలు ముడిచి కొన కొరుక్కుంది. సైన్సు అయ్యవారిని కదా, నేను నవ్వాను.

తర్వాతి వారంలో వాళ్ళు కోలారుకు పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. మూడు రోజులు.

"నువ్వు ఎట్లాగూ దినామూ పుంగనూరు మీదనే పోతావు కదన్నా. సాయంత్రం ఒక చెంబు నీళ్ళు పోసిపో. ఎరువేమీ వద్దు, మొన్ననే యేసినాను" అన్నాడు తోడల్లుడు.

మొదటిరోజు చెంబుడు నీళ్ళు పోసి వచ్చేశాను. ఆ రాత్రి భోజనం దగ్గర నా భార్య మామతో ఫోనులో మాట్లాడుతూ, వాళ్ళ కాయలు వచ్చాక అందరం పుంగనూరులోనే చేరి వండుకుందామంది. మా కాయల సంగతి ఎవరూ ఎత్తలేదు. కలిపిన అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

రెండోరోజు మిద్దె ఎక్కాను. మెట్లగదిలో అతని యూరియా డబ్బా ఉంది. ఇరవై రోజులకోసారి ఒక చిటికెడు, బకెట్టు నీళ్ళలో కలిపి పోస్తాడు. నేను పిడికెడు తీశాను. చెంబు నీళ్ళలో వేసి పుల్లతో తిప్పి, చెట్టు మొదలు దగ్గర పోశాను. చెయ్యి పొరపాటున చేసిందని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఏ పొరపాటూ లేదు. ఉప్పునీళ్ళలో వేసిన బంగాళదుంప ముక్క ఎట్లా వడలిపోతుందో, లోపలి నీళ్ళు బయటికి ఎట్లా వచ్చేస్తాయో ప్రతి సంవత్సరం పిల్లల ముందు చేసి చూపించేవాణ్ణి నేను. బకెట్టులో ఉన్న చెట్టుకు వేరు పారించుకోవడానికి వేరే చోటు ఉండదని కూడా నాకు తెలుసు. అంతా తెలిసే పోశాను. పోస్తున్నప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పకపోతే ఇది రాసి ప్రయోజనం లేదు. నెలల తర్వాత ఆ రోజే నాకు ఛాతీ మీది బరువు దిగినట్టయింది.

మూడోరోజుకు ఆకుల అంచులు మాడాయి. అప్పుడు భయం వేసింది. విరుగుడు చేతిలోనే ఉంది. అడుగు చిల్లుల నుంచి కారిపోయేదాకా నీళ్ళ మీద నీళ్ళు పోసి మట్టిని కడిగేయాలి, అంతే. కడుగుదామని నీళ్ళ డ్రమ్ము మూత కూడా తీశాను. కింద వీధిలో ఎవరో నన్ను చూసి "ఏం సార్, మిరపతోటకు కాపలానా" అన్నారు. మూత పెట్టేసి దిగి వచ్చేశాను.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి చెట్టు తల వాల్చేసింది. పిందెలు బకెట్టు చుట్టూ రాలి ఉన్నాయి. నన్ను పిలిపించారు, చదువుకున్నవాణ్ణి కదా, ఏం రోగమో చెబుతానని. నేను ఆకు తిప్పి చూసి, ఎండ దెబ్బ అయ్యుండొచ్చన్నాను. మరదలు తల అడ్డంగా ఊపింది.

"ఎండా కాదు, గాలీ కాదు. ఆయమ్మ వేలు సూపించిన దినమే అనుకుంటి. బావా, నువ్వూ ఆడనే ఉంటివి కదా, సూసినావు కదా" అంది.

మూఢనమ్మకాల మీద పిల్లలతో వ్యాసాలు రాయించేవాణ్ణి నేను. వేలికీ పిందెకూ ఏ సంబంధమూ లేదని ఆ మిద్దెమీద చెప్పగలిగినవాణ్ణి నేనొక్కడినే. "చూశాను" అన్నాను.

ఆ "చూశాను" ఊరికే పోలేదు. మరునాటి నుంచి మజ్జిగ చెంబు గోడమీదే ఉండిపోయింది, ఎవరూ తీసుకోలేదు. రెండు రోజులు చూసి అవ్వ చెంబు తీసేసుకుంది. మరదలు గోడ పొడవునా పాత దుప్పటి కట్టింది. వీధిలో మాట పాకింది. ఒక ఉదయం బస్సు దిగి నడుస్తుంటే, అవ్వ ఎదురొచ్చిందని ఒకామె తన పాలచెంబు మీద కొంగు కప్పుకోవడం నా కళ్ళతో చూశాను. అవ్వ కూడా చూసింది. చూసి, తల వంచుకుని వీధి అంచుకు జరిగి వెళ్ళిపోయింది. ఆమె వడియాలు మిద్దెమీదికి రావడం మానేశాయి.

తోడల్లుడు మాత్రం ఎవరినీ ఒక్క మాట అనలేదు. బకెట్టులో మట్టి మార్చాడు, నీడకు జరిపాడు. అతను ఆ అవ్వను కూడా ఏమీ అనలేదని తెలిసి నా భార్య, "ఎంత ఓర్పు మా మరిదికి" అంది, సరిగ్గా ఆ గొంతుతోనే. చెట్టు పెరిగినా అతనిదే పేరు, చెట్టు ఎండినా అతనిదే పేరు. అవ్వ గురించి బాధపడాల్సిన చోట నాకు మళ్ళీ కుళ్ళే పుట్టింది.

రెండు నెలలు గడిచాయి. ఒక శనివారం బడి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. తోడల్లుడు మిద్దెమీద కూర్చుని ఎండు కొమ్మలన్నీ కత్తిరించేస్తున్నాడు. మోకాలెత్తు మోడు ఒక్కటే మిగిలింది. దాని కణుపు దగ్గర ఆవగింజంత పచ్చదనం ఉందని చూపించాడు. నాకు కనపడలేదు. మరదలు బట్టలు తీస్తోంది. అప్పుడు దుప్పటి అంచు కిందినుంచి ఒక చెయ్యి వచ్చింది. చేతిలో కాగితం పొట్లం.

"అమ్మా, నా కాలికింద మన్ను ఇది. నేనే తీసి తెచ్చినాను. దీంతో సెట్టుకు దిష్టి తీసెయ్యి. బాగుపడితే సాలు" అంది అవ్వ.

ఎవరి కన్ను తగిలిందని అనుకుంటే వాళ్ళ పాదం కింది మట్టి, వాళ్ళు చూడకుండా తీసుకొచ్చి దిష్టి తీస్తారు మా వైపు. తన పాదం కింది మట్టి తానే పొట్లం కట్టి తెచ్చినవాళ్ళ గురించి నేను ఎన్నడూ వినలేదు. పొట్లం గోడమీద పెట్టి ఆ చెయ్యి వెనక్కి పోయింది. దుప్పటి చిరుగులో నుంచి ఆమె వీపు కనపడింది. చెట్టు వైపు చూపు పడకుండా అవతలికి తిరిగి నిలబడి ఉంది.

మరదలు పొట్లం అందుకోవడానికి అడుగు వేసింది.

"ముట్టుకోవద్దమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "అది నేను చేసిన పని. మీరు కోలారు పోయినప్పుడు పిడికెడు యూరియా పోశాను."

తోడల్లుడి చేతిలో కత్తెర ఆగింది.

"మరిచిపోయి పోసినావా అన్నా?" అన్నాడు.

ఆ సందు నాకోసమే తెరిచాడు. అతను అట్లాంటివాడు. దానికి కూడా నాకు మండింది. "కాదు. నీ చెట్టును చూసి ఓర్వలేక పోశాను" అన్నాను.

అతను తిట్టి ఉంటే బాగుండేది. మోడు వైపే చూస్తూ, "నాకు యాల సెప్తావన్నా. సెట్టుదేముండాది. ఆడికి పోయి సెప్పు" అని గోడ వైపు గడ్డం ఎత్తాడు. మరదలు నన్ను చూసిన చూపు గురించి రాయను.

మెట్లు దిగి, వీధి చుట్టి వెళ్ళేసరికి అవ్వ కిందికి వచ్చి వాకిట్లో కూర్చుని ఉంది. పైన మాటలు ఆమెకు వినపడినట్టు లేదు. నన్ను చూసి లేవబోయింది.

"రా అయ్యవారూ. మన్ను సాలకపోతే ఇంకా తీసిస్తాను" అంది.

కింద కూర్చుని మొత్తం చెప్పాను, వరసగా, ఏమీ దాచకుండా. యూరియా అంటే ఏమిటో ఆమెకు తెలుసు, సేద్యం చేసిన మనిషే. వింటున్నంతసేపూ తన కుడిచేతి చూపుడువేలిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

"అయితే నా కన్ను కాదా?" అంది.

"కాదవ్వా."

"నిజంగానా అప్పా? నా మనసు కోసం సెప్తాండావా?"

"నేనే పోశాను. నువ్వు వేలు చూపించకపోయినా ఆ చెట్టు ఎండేదే."

తిడుతుందని ఎదురుచూశాను. యాల పోసినావని అడుగుతుందని, దానికి ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. అవేవీ అడగలేదు. మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. కుప్పంలో తన మనవరాలికి ఆడబిడ్డ పుట్టి నెల దాటిందట. ఆ మనవరాలిని చిన్నప్పటి నుంచి సాకింది ఈమే. రా అవ్వా, రా అవ్వా అని రోజూ ఫోనట. మోకాళ్ళ నొప్పులని చెబుతూ వచ్చిందట.

"అంత సెట్టే మాడిపోయింది కదప్పా. పసిబిడ్డ. నేను సూస్తే ఏమైతాదో అని పోలేదు" అంది.

ఆమె గోడ పట్టుకుని లేచింది. లోపలికి వెళ్ళింది. పెట్టె తెరిచిన చప్పుడు, కవరు చప్పుడు వినిపించాయి. తిరిగి వచ్చేసరికి ఉతికిన చీర కట్టుకుని ఉంది. చేతిలో చిన్న సంచి. తలుపుకు తాళం వేసి, గుంజి చూసి, అప్పుడు నా వైపు తిరిగింది.

"కుప్పం బస్సు ఇప్పుడు ఎన్ని గంటలకు ఉండాదప్పా?" అని అడిగింది.